అడుగున మిగిలిందే... అసలు ముప్పు!

పొయ్యి మీద నీలిమంట వెలగాలన్నా, వరిచేలో యూరియా పడాలన్నా ముందు ఎక్కడో ఒకచోట గ్యాస్‌కు స్నానం చేయించాల్సిందే. ఆ స్నానానికి వాడే ద్రవాన్ని వడకట్టే ఫిల్టర్లను అప్పుడప్పుడూ మార్చాలి. చూడటానికి చిన్న పనే. కానీ ఫిల్టరు అడుగున మిగిలిపోయిన ఆ కాస్త ద్రవాన్ని ఏం చేయాలో ముందే తేల్చుకోకపోతే... ప్రాణాల మీదికి వస్తుంది.

ఇంట్లో మంచినీళ్ల ఫిల్టరుకు క్యాండిల్ మార్చేటప్పుడు ఏం చేస్తాం? కొళాయి కట్టేస్తాం. మూత విప్పుతాం. అడుగున మిగిలిన నీళ్లను సింకులోనో, పెరట్లో కరివేపాకు మొక్కకో పోసేస్తాం. పాత క్యాండిల్‌ని చెత్తబుట్టలో పడేస్తాం. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది.

గ్యాస్ శుద్ధిచేసే ప్లాంట్లలోనూ ఇలాంటి ఫిల్టర్లే ఉంటాయి. కాకపోతే మనిషి ఎత్తును మించి ఉంటాయి. అక్కడా వాల్వు కట్టేయాలి, మూత విప్పాలి, పాతది తీసి కొత్తది పెట్టాలి. తేడా అంతా ఆ ‘అడుగున మిగిలినదాని’లోనే ఉంది. దాన్ని సింకులో పోసినట్టు కాలవలో పోస్తే చేపలు చస్తాయి. మూత విప్పేముందు బయటకు పంపకపోతే మనుషులే పోతారు.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో ఉన్న జంపని లాంటి ఊళ్లవాళ్లకు ఇదంతా కాకినాడదో, కోనసీమదో, విశాఖపట్నందో సంగతి అనిపించొచ్చు. కానీ జంపని వంటింట్లోకి వచ్చే గ్యాస్ బండ, చేలోకి వెళ్లే యూరియా బస్తా... రెండూ ఈ శుద్ధి దాటి వచ్చినవే. చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకెళ్లే హజీరా, జామ్‌నగర్, గల్ఫ్ దేశాల ప్లాంట్లలో రోజూ జరిగే పని ఇదే. ఇక ముందు ఇలాంటి ప్లాంట్లు పల్లెల పక్కకే రాబోతున్నాయి. కాబట్టి ఇది మన సంగతి కూడా!

గ్యాస్‌కూ స్నానం

భూమిలోంచి వచ్చే సహజవాయువు నేరుగా వాడుకోవడానికి పనికిరాదు. అందులో మండే మీథేన్‌తో పాటు నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. కొన్నిచోట్ల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువూ కలిసి వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దీనిదే. ముంబయి తీరంలోని బసీన్ క్షేత్రం గ్యాస్‌లో ఇది ఉంటుంది కాబట్టే గుజరాత్‌లోని హజీరాలో ఓఎన్‌జీసీ పెద్ద శుద్ధి ప్లాంటు కట్టింది. మన కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్‌లో దీని బెడద బాగా తక్కువ. ఇక్కడ ప్రధానమైన పని తేమ తీయడం. విశాఖలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీ లాంటి చోట్ల మాత్రం ముడిచమురులోని గంధకం ఈ విషవాయువు రూపంలోనే బయటపడుతుంది. దాన్ని పట్టి, వడిసి, గంధకంగా మారుస్తారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ఇంధనం వచ్చింది. అంతకుముందు బీఎస్-4లో పది లక్షల పాళ్లకు 50 పాళ్ల దాకా ఉండనిచ్చిన గంధకాన్ని 10 పాళ్లకు దించారు. మన బండి పొగ అంత శుభ్రపడిందంటే, ఆ గంధకమంతా రిఫైనరీలోనే ఆగిందని అర్థం.

మరి గ్యాస్‌ను కడగడం ఎలా? నిలువెత్తు గోపురం లాంటి టవరులో కింది నుంచి గ్యాస్ పైకి వెళ్తుంది. పై నుంచి ‘అమైన్’ అనే రసాయనం కలిపిన నీళ్లు కిందికి జారుతుంటాయి. రెండూ ఎదురుపడినప్పుడు గ్యాస్‌లోని విషవాయువునీ, కార్బన్ డయాక్సైడ్‌నీ అమైన్ పట్టేసుకుంటుంది. పైకి శుభ్రమైన గ్యాస్ వెళ్తుంది. కిందికి ‘రిచ్ అమైన్’... అంటే విషాన్ని కడుపు నిండా నింపుకున్న ద్రవం చేరుతుంది. దాన్ని ఇంకో టవరులో కాస్తారు. వేడికి వాయువులు విడిపోతాయి. మిగిలిన ‘లీన్ అమైన్’ మళ్లీ మొదటి టవరు పైకెక్కుతుంది. అమెరికా ఇంజినీరు రాబర్ట్ బాటమ్స్ 1930లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. ఇన్నేళ్లలో రసాయనాలు మారాయి కానీ సూత్రం మారలేదు.

తేమ తీయాలంటే అమైన్ బదులు గ్లైకాల్ వాడతారు. అది నీటి ఆవిరిని పీల్చుకుంటుంది. దాన్ని 200 డిగ్రీల దాకా కాచి, నీటిని ఆవిరిచేసి మళ్లీ వాడతారు. యూరియా కర్మాగారాల్లోనూ ఇలాంటి టవర్లే ఉంటాయి. అక్కడ కడిగి తీసిన కార్బన్ డయాక్సైడ్‌ను పారేయరు. అమ్మోనియాతో కలిపి యూరియా చేస్తారు.

ఒక్కటి గమనించాలి. బియ్యం కడిగిన నీళ్లలా ఈ ద్రవాన్ని ఒకసారి వాడి పారబోయరు. నెలల తరబడి అదే తిరుగుతుంటుంది. తిరిగేకొద్దీ గొట్టాల లోపలి తుప్పు, ఇనుము గంధకంతో కలిసి ఏర్పడే నల్లటి పొడి, గ్యాస్‌తో వచ్చిన నూనె తుంపరలు అందులో చేరతాయి. మురికి పెరిగితే టవరులో నురగ పొంగుతుంది. నురగ వస్తే శుద్ధి ఆగుతుంది. అందుకే ఆ ద్రవాన్ని, లేదంటే అందులో కొంత భాగాన్ని ఫిల్టర్ల గుండా పంపుతూ ఉంటారు. మసి పట్టడానికి ఒకటి, నూనె పట్టడానికి బొగ్గు నింపిన ఇంకోటి, ఆ బొగ్గు పొడిని పట్టడానికి మరోటి. ఫిల్టరు ముందూ వెనకా ప్రెషర్‌లో తేడా పెరుగుతోందంటే లోపల పూడుకుపోయిందని లెక్క. ఇక మార్చాల్సిందే.

గోలీసోడా సూత్రం

గోలీసోడా కొట్టగానే బుస్సుమని పొంగుతుంది. ఎందుకు? లోపల ఒత్తిడిలో ఉన్నంతసేపూ గ్యాస్ నీటిలో అణిగి ఉంటుంది. ఒత్తిడి తగ్గగానే బయటికి వచ్చేస్తుంది. ఫిల్టరులో మిగిలిన రిచ్ అమైన్ కథా అంతే. కాకపోతే సోడాలోంచి వచ్చేది కార్బన్ డయాక్సైడ్. ఇక్కడ దాంతోపాటు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వస్తుంది!

లీన్ వైపు పెట్టిన ఫిల్టరులో ఈ ప్రమాదం తక్కువ. కాచిన ద్రవం కాబట్టి అందులో విషవాయువు పెద్దగా మిగలదు. రిచ్ వైపు పెడితే మురికిని ముందే పట్టుకోవచ్చు కానీ విప్పేటప్పుడు పదింతల జాగ్రత్త కావాలి. కొన్ని ప్లాంట్లలో రెండు వైపులా ఉంటాయి. ఎప్పుడూ లీన్ ఫిల్టర్లు మార్చి అలవాటైన చేతులు రిచ్ ఫిల్టరునూ అంతే తేలిగ్గా విప్పబోతే... అదే అసలు ప్రమాదం.

అయినా వాల్వులు కట్టేసి, డ్రెయిన్ తెరిస్తే ఖాళీ అయిపోతుంది కదా అనుకుంటాం. అక్కడే మూడు చిక్కులున్నాయి.

మొదటిది... గాలి దారి. నూనె డబ్బాకు ఒకటే చిల్లు పెడితే నూనె ధారగా రాదు. రెండో చిల్లు పెడితేనే వస్తుంది. ఫిల్టరుకూ అంతే. కింద డ్రెయిన్ తెరిచి పైన వెంట్ తెరవకపోతే ద్రవం లోపలే వేలాడుతుంది.

రెండోది... పూడిక. ఫిల్టరు అడుగున చేరిన నల్లటి బురద డ్రెయిన్ మూతికి అడ్డం పడుతుంది. ‘వాల్వు తెరిచాం, చుక్క కూడా రావట్లేదు, అంటే ఖాళీ అయినట్టే’ అనుకుంటారు. నిజానికి లోపల సగం దాకా ద్రవం ఉండొచ్చు. చుక్క రాకపోవడం ఖాళీ అయిందనడానికి సాక్ష్యం కాదు.

మూడోది... స్పాంజి గుణం. పాత్ర ఖాళీ అయినా ఫిల్టరు గుడ్డ, బొగ్గు మాత్రం ద్రవాన్ని పీల్చుకుని ఉంటాయి. బయటికి లాగాక కూడా వాటిలోంచి వాయువు వస్తూనే ఉంటుంది.

ఇంతకీ ఎంత మిగులుతుంది? ఒక లెక్క చూద్దాం. మీటరు వ్యాసం, రెండు మీటర్ల ఎత్తున్న పాత్రలో పట్టేది దాదాపు 1,570 లీటర్లు. ద్రావణంలో 45 శాతం అమైన్ ఉందనుకుంటే ఒక్కసారి పారబోస్తే 700 కిలోల రసాయనం నేలపాలు. నెలకు రెండుసార్లు ఫిల్టరు మారిస్తే ఏడాదికి 24 సార్లు. అంటే 16 టన్నులపైనే! కడిగి వెనక్కి పంపుకోగలిగిన దాన్ని కాలవలో కలపడమంటే డబ్బును కాలవలో కలపడమే.

ముక్కును నమ్మొద్దు

‘వాసన వస్తే పారిపోతాంలే’ అనేది అన్నిటికన్నా ప్రమాదకరమైన ధైర్యం. హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన గాలిలో పది లక్షల పాళ్లకు ఒక పాలుకన్నా తక్కువ ఉన్నా ముక్కు పసిగడుతుంది. 10 పాళ్లను 8 గంటల పనికి హద్దుగా 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్లో పెట్టారు. కానీ 100 పాళ్లకు చేరేసరికి కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోతుంది! ‘హమ్మయ్య, తగ్గింది’ అనుకునే లోపే విషం పెరుగుతుంటుంది. 500 నుంచి 700 పాళ్లలో మనిషి కుప్పకూలతాడు. వెయ్యి దాటితే ఒకటి రెండు శ్వాసలు చాలు.

పైగా ఇది గాలికన్నా బరువు. గుంటల్లో, సంపుల్లో, కాలవల్లో చేరి కూర్చుంటుంది. నిలబడ్డవాడికి ఏమీ కాదు. కింద పడిన స్పానరు తీయడానికి వంగినవాడు లేవడు.

రేపల్లె, నిజాంపట్నం రొయ్యల రైతులకు ఈ వాయువు కొత్తేమీ కాదు. చెరువు అడుగున మేత కుళ్లి మట్టి నల్లబడితే వచ్చే దుర్వాసన దీనిదే. రొయ్యలు అడుగు వదిలి పైకి తేలాయంటే గుండె గుభేల్మంటుంది. చెరువులో రొయ్యకు ఏమవుతుందో మూసిన ట్యాంకులో మనిషికీ అదే అవుతుంది.

ఒకరి కోసం ఒకరు

2017 మార్చి 30న పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరులోని ఆక్వా ఫుడ్ ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేస్తూ ఐదుగురు విషవాయువుకు బలయ్యారు. 2018 ఫిబ్రవరి 16న చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మొరంలోని కోళ్ల పరిశ్రమలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు పోయారు. పడిపోయినవారిని కాపాడదామని ఒకరి వెనక ఒకరు దిగారు. 2020 జూన్ నెలాఖరు రాత్రి విశాఖ జిల్లా పరవాడ ఫార్మాసిటీలోని ఒక మందుల కర్మాగారంలో హైడ్రోజన్ సల్ఫైడ్ లీకై ఇద్దరు చనిపోయారు. నలుగురు ఆస్పత్రి పాలయ్యారు.

ఇవేవీ గ్యాస్ శుద్ధి ప్లాంట్లు కావు. కానీ కథ ఒకటే. యంత్రం నడుస్తున్నప్పటి మాట అటుంచితే, శుభ్రం చేసేటప్పుడు, మార్చేటప్పుడు, మిగిలింది తోడేటప్పుడు జరిగే చావులు ఇలాగే ఉంటాయి.

అచ్చంగా గ్యాస్ ప్లాంట్ల సంగతే చూస్తే... 1950 నవంబరు 24 తెల్లవారుజామున మెక్సికోలోని పోసా రికా ఊళ్లో, గ్యాస్ నుంచి తీసిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను కాల్చాల్సిన మంట సరిగా పనిచేయలేదు. 22 మంది చనిపోయారు. 320 మంది ఆస్పత్రుల్లో చేరారు. వాళ్లలో చాలామంది ప్లాంటులో పనిచేసేవాళ్లు కాదు. పక్కన ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు.

పాతకాలపు సంగతి కదా అనుకోవడానికీ లేదు. 2024 అక్టోబరు 10న అమెరికాలోని టెక్సాస్‌లో, డీర్ పార్క్ రిఫైనరీలో ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. మరమ్మతు కోసం ఆపిన అమైన్ యూనిట్ గొట్టానికి బదులు, నడుస్తున్న పక్క యూనిట్ గొట్టం విప్పడంతో దాదాపు 12 టన్నుల హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికొచ్చింది. అన్ని హంగులూ ఉన్న చోటే ‘ఏది విప్పాలో’ గుర్తు పెట్టుకోవడంలో పొరపాటు జరిగింది. గొట్టానికి ఒక స్పష్టమైన ట్యాగు, విప్పేముందు ఇంకొకరి కన్ను... ఎంత విలువైనవో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అదే టెక్సాస్‌లోని ఒడెస్సాలో 2019 అక్టోబరు 26 రాత్రి జరిగింది మరీ విషాదం. చమురు బావుల నీటిని పంపుచేసే స్టేషన్లో పంపు చూడటానికి వెళ్లిన ఉద్యోగి ఇంటికి రాలేదు. ఇద్దరు పిల్లల్ని కారులో ఎక్కించుకుని భార్య వెతుక్కుంటూ వెళ్లింది. పంపు గదిలోకి అడుగుపెట్టి ఆమె కూడా చనిపోయింది. పిల్లలు కారులో ఉండటంతో బతికారు. వాయువును పసిగట్టే మీటరు అతని ఒంటి మీద లేదని, బండిలోనే ఉండిపోయిందని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది.

తేమ తీయకపోతే...

విషవాయువు లేదు కదా అని కృష్ణా గోదావరి గ్యాస్‌ను తేలిగ్గా తీసుకోవడానికీ వీల్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరంలో గెయిల్ పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తాటిపాక నుంచి విజయవాడ దగ్గరి కొండపల్లిలోని విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్లే గొట్టం అది. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాస్ వెళ్లిందని, నీరు, కండెన్సేట్ అడుగున చేరి లోపలి నుంచి తుప్పు తిన్నదని పెట్రోలియం శాఖ విచారణలో తేలింది.

అంటే ఇక్కడా ముద్దాయి ‘అడుగున మిగిలినదే’! శుద్ధి చేసేచోట తీయకుండా వదిలేసిన ద్రవం గొట్టం వెంట ప్రయాణించి ఊరి మధ్యలో పగ తీర్చుకుంది. 1995లో 65 రోజులు మండిన పాశర్లపూడి బావిని కోనసీమ ఎప్పటికీ మరవదు. అంత పెద్ద మంట అందరికీ కనపడుతుంది. గొట్టం అడుగున నిలిచిన నీరు ఎవరికీ కనపడదు. తేడా అంతే.

విప్పడానికి ముందే...

సరిగా నడిచే ప్లాంటులో ఫిల్టరు మార్చే రోజు ఎలా ఉంటుంది? బోల్టు విప్పడానికి ముందే ముప్పావు వంతు పని అయిపోతుంది.

ముందుగా కాగితం మీద పర్మిట్. ఏ ఫిల్టరు, ఎవరు, ఎన్నింటికి, ఏ వాల్వులు మూయాలి అన్నీ అందులో ఉంటాయి. ఫిల్టరుకు ట్యాగు కడతారు. ద్రవాన్ని పక్కదారి పట్టించి, ముందూ వెనకా వాల్వులు మూసి తాళం వేస్తారు. ఒక్క వాల్వును నమ్మరు. రెండు మూసి మధ్యలో చిన్న దారి తెరిచి పెడతారు. మొదటిది కారినా ఆ దారిలో బయటపడుతుంది కానీ పనిచేసేవాడి మీదికి రాదు.

తర్వాత ఒత్తిడి దించాలి. వాయువును గాలిలోకి వదలరు. గొట్టం గుండా మంటస్తంభానికి పంపి కాల్చేస్తారు. ఆపైన నైట్రోజన్‌తో ద్రవాన్ని నెడతారు. ఆ ద్రవం బకెట్లోకో, నేల మీదికో రాదు. మూసిన గొట్టం గుండా భూమిలో పాతిన సంపు డ్రమ్ములోకి చేరుతుంది. ‘క్లోజ్డ్ డ్రెయిన్’ అంటారు దీన్ని. అక్కణ్నుంచి మళ్లీ వడకట్టి వాడుకలోకి తీసుకుంటారు. తర్వాత శుభ్రమైన నీళ్లు పోసి కడుగుతారు. చిక్కగా ఉన్న మొదటి కడుగునీళ్లు కూడా సంపులోకే. అమైన్ దాదాపు మిగలని చివరి కడుగు మాత్రమే మురుగునీటి శుద్ధికి వెళ్తుంది.

ఆ తర్వాతే మీటరు పరీక్ష. వెంట్ దగ్గర, డ్రెయిన్ దగ్గర కొలుస్తారు. డ్రెయిన్ పూడుకుందేమోనని నీళ్లు ఎదురు పంపి చూస్తారు. గాలి ఎటు వీస్తోందో జెండాసంచి చూసి ఎదురుగాలి వైపు నిలబడతారు. వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు, ఒంటిమీద మీటరు పెట్టుకుని ఒకరు విప్పితే, అంతే సరంజామాతో మరొకరు దూరంగా నిలబడి కాపు కాస్తారు. బోల్టులన్నీ ఒక్కసారి తీయరు. తనకు అవతలివైపున్నవి ముందు కాస్త వదులు చేస్తారు. లోపల ఒత్తిడి ఏదైనా మిగిలుంటే అటువైపు చిమ్ముతుంది.

నైట్రోజన్‌తోనూ జాగ్రత్తే. దానికి రంగూ వాసనా ఉండవు. విషం కాదు కానీ అది నిండిన పాత్రలో ప్రాణవాయువు ఉండదు. తల దూర్చితే చాలు, తెలియకుండానే పడిపోతారు.

నల్లపొడికి నిప్పు అక్కర్లేదు

బయటికి తీసిన పాత ఫిల్టరుతో పని అయిపోలేదు. దానికి పట్టిన నల్లటి పొడిలో ఐరన్ సల్ఫైడ్ ఉంటుంది. తడిగా ఉన్నంతసేపూ నెమ్మదిగా ఉంటుంది. ఆరితే గాలి తగలగానే వేడెక్కి, అగ్గిపుల్ల గీయకుండానే రాజుకుంటుంది! మధ్యాహ్నం ఎండలో ఫిల్టర్లను కుప్పపోసి, సాయంత్రానికి పొగ రావడం చూసి కంగారుపడటం ఈ రంగంలో పాత అనుభవమే. అందుకే వాటిని తడిపి, నీళ్లు పోసిన డ్రమ్ముల్లో మూతపెట్టి ఉంచుతారు. పాతసామాన్ల వాడికి ఇవ్వకూడదు. మామూలు చెత్తలో కలపకూడదు. 2016లో వచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన కేంద్రాలకే పంపాలి.

మరి ద్రవం నేల మీద ఒలికితే? అమైన్ సబ్బునీళ్లకన్నా ఘాటైన క్షారం. చర్మానికి తగిలితే మంట, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆమ్లాలు వెళ్లే కాలవలో రిచ్ అమైన్ కలిస్తే అందులోని విషవాయువు ఒక్కసారిగా బయటికొస్తుంది. ఎవరూ ఊహించని చోట, ఏ మ్యాన్‌హోల్ దగ్గరో! మురుగు శుద్ధి ట్యాంకులోకి ఎక్కువగా వెళ్తే అక్కడ మురికిని తినే సూక్ష్మజీవులు తట్టుకోలేవు. శుద్ధి దెబ్బతింటుంది. ఆ నీరు కాలవలో కలిస్తే అందులోని ప్రాణవాయువు తగ్గి చేపలు తేలతాయి. చివరికి ఎవరి చేనుకో, చెరువుకో చేరుతుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒకరి మురుగుకాలవ నీరే కింది ఊరివాళ్ల చెరువులోకి వెళ్తుందని ఇక్కడి రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఊళ్ల పక్కకే వస్తున్నాయి

ఇప్పటిదాకా గ్యాస్ శుద్ధి అంటే పెద్ద కంపెనీల వ్యవహారం. రేపటి సంగతి వేరు. గడ్డి, పేడ, పంట వ్యర్థాల నుంచి గ్యాస్ తీసి, శుద్ధిచేసి, సిలిండర్లలో నింపే ప్లాంట్ల కోసం కేంద్రం 2018 అక్టోబరులో ‘సతత్’ పథకం మొదలుపెట్టింది. అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో 2025 ఏప్రిల్ 2న రిలయన్స్ సంస్థ ఇలాంటి ప్లాంటుకు శంకుస్థాపన చేసింది. పల్లెకు ఆదాయం, బీడుకు పచ్చదనం, దేశానికి ఇంధనం... మంచిదే.

కానీ పేడలోంచి వచ్చే గ్యాస్‌లో మూడో వంతుకు పైగా కార్బన్ డయాక్సైడే. హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వందల పాళ్లలో, ఒక్కోసారి వేలల్లో ఉంటుంది. బండిలో నింపే బయోగ్యాస్‌లో మీథేన్ కనీసం 90 శాతం ఉండాలి, హైడ్రోజన్ సల్ఫైడ్ ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ చెప్పింది. అంటే తీసేసిన విషమంతా ఎక్కడో ఒకచోట పోగవుతుంది... కడిగిన నీళ్లలోనో, అమైన్‌లోనో, ఇనుప పొడి నింపిన పాత్రలోనో. అది ఉన్నచోట ఫిల్టరు ఉంటుంది. ఫిల్టరు ఉన్నచోట దాన్ని మార్చే రోజు వస్తుంది.

పెద్ద రిఫైనరీలో ఆ రోజు కోసం పర్మిట్ ఇచ్చేవాళ్లు, మీటరు పట్టేవాళ్లు, కాపు కాసేవాళ్లు వేర్వేరుగా ఉంటారు. ఊరి పక్క చిన్న ప్లాంటులో షిఫ్టుకు ఇద్దరు ముగ్గురుంటే? ఉన్న ఒక్కడే వాల్వు మూసి, మూత విప్పి, బకెట్ పట్టి, కాలవలో పోసే పరిస్థితి రాకూడదంటే ఆ ఏర్పాటు ప్లాంటు కట్టేటప్పుడే జరగాలి. సంపు డ్రమ్ము, క్లోజ్డ్ డ్రెయిన్, కడగడానికి నీటి గొట్టం... ఇవి తర్వాత తగిలించుకునే అలంకారాలు కావు. అవి లేకపోతే కార్మికుడి చేతిలో మిగిలేది బకెట్ ఒక్కటే. తప్పు చేసింది కార్మికుడని తర్వాత అనొచ్చు. కానీ ఆ బకెట్‌ని అతని చేతికిచ్చింది ప్లాంటు గీసిన కాగితమే!

ఇంట్లోవాళ్లు అడగాల్సినవి

గ్యాస్ ప్లాంటులోనో, రిఫైనరీలోనో, మందుల ఫ్యాక్టరీలోనో ఇంట్లో ఎవరైనా పనిచేస్తుంటే భోజనాల దగ్గర ఈ ప్రశ్నలు అడిగి చూడండి.

* నీ ఒంటిమీద వాయువును పసిగట్టే మీటరు ఉంటుందా? సంచిలోనో, బండిలోనో ఉంటోందా? దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు?

* ఫిల్టరు విప్పేటప్పుడు లోపల మిగిలింది ఎక్కడికి వెళ్తుంది? గొట్టంలోకా, బకెట్లోకా?

* ఎవరైనా పడిపోతే ఏం చేయాలని నేర్పారు? (సరైన జవాబు ఒక్కటే: గాలి సిలిండరు తగిలించుకోకుండా దగ్గరికి వెళ్లకూడదు. దూరం నుంచే కేక వేసి, అలారం మోగించాలి.)

* ‘ఇలా విప్పను’ అని చెప్పే హక్కు కాంట్రాక్టు కార్మికుడికీ ఉందా?

* వాసన తగ్గితే ప్రమాదం తగ్గినట్టేనా?

చివరి ప్రశ్నకు ‘అవును’ అని జవాబొస్తే అన్నం తినడం కాసేపు ఆపి మాట్లాడాల్సిందే. ఎందుకంటే ఈ వాయువు దగ్గర ముక్కు అబద్ధం చెబుతుంది, మీటరు చెప్పదు.